కల్తీ మందారం

ప్రయోగశాలలో ఆమెను అందరూ పుప్పొడక్క అనేవాళ్ళు. అసలు పేరు జీతం పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. చెరువు అడుగున గొట్టం దింపి తీసిన బురదను పొరపొరగా కోసి, ఆమ్లాలతో ఉడికించి, కడిగి, మిగిలిన పుప్పొడి రేణువుల్ని గాజు స్లైడ్ల మీద పెట్టి లెక్కించడం ఆమె పని. ఆకులూ కొమ్మలూ కుళ్ళిపోయినా పుప్పొడి పైపెంకు చెక్కుచెదరదు. ఒక పొర నిండా గడ్డి పుప్పొడే ఉంటే ఆ కాలంలో వానలు ముఖం చాటేశాయన్నమాట. దాని పైపొరలో చెట్ల పుప్పొడి పెరిగితే వానలు దండిగా కురిసి అడవి మళ్ళీ లేచినట్టు. ఆ చెరువు చుట్టూ వేల ఏళ్ళలో ఏ చెట్టు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందో ఆమెకు కొట్టిన పిండి.

ఆ పనికి ఒక్కటే శత్రువు, ఈనాటి పువ్వు. బట్టలకు అంటుకొచ్చిన రేణువు ఒక్కటి పడినా స్లైడు కల్తీ అయిపోతుంది. అందుకే పూలంటే ఆమె ఆమడ దూరం. మొగుడికేమో మొక్కల పిచ్చి. అచ్చాఫీసు నుంచి వచ్చి చేతుల సిరా అయినా కడుక్కోకుండా బాల్కనీలో కుండీల ముందు చతికిలబడేవాడు.

“పదివేల ఏళ్ళ కిందటి పూల మోజులో పడి, ఇంటి పూలతో మాట్లాడ్డం మానేసిందండీ మా ఆవిడ” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పి నవ్వేవాడు.

ఒకసారి ముసురు పట్టినప్పుడు, పాపం, ఆమెకు సాయం చేద్దామని ఆమె తెల్లకోటు తనే ఉతికి బాల్కనీలో ఆరేశాడు, సరిగ్గా మందార కుండీ పక్కన. ఇంకేముంది, ఆ వారం అట్టడుగు పొర స్లైడులో మందార రేణువు దర్జాగా కూర్చుంది. గుండ్రంగా, ఒళ్ళంతా ముళ్ళతో. నెలరోజుల కష్టం నీళ్ళపాలైంది. ఇంటికొచ్చి అగ్గిమీద గుగ్గిలమైంది.

“ఆ మొక్కో నేనో తేల్చుకోండి!”

“తేల్చుకునేదేముందే? మందారం నాతో పోట్లాడదు. నాకు పోట్లాడే మనిషే కావాలి.”

తెల్లారేసరికి కుండీలన్నీ పక్కింటికి చేరాయి. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమె కూడా అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేదని, ఆయన పోయిన ఈ ఏడాదిలో ఆమె అనుకోని రోజు లేదు. పక్కింటివాళ్ళు కుండీలతో సహా ఎప్పుడో ఇల్లు మారిపోయారు. బాల్కనీలో కుండీలు పెట్టిన గుండ్రటి మరకలు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు ప్రయోగశాల కొత్త భవనంలోకి మారుతోంది. పనికిరాని స్లైడ్లన్నీ సాయంత్రం చెత్తబండికి ఎక్కించమన్నాడు డైరెక్టరు. కల్తీ స్లైడ్ల పెట్టె చూడగానే ఆమెకు ఆ మందారం స్లైడు గుర్తొచ్చింది. స్లైడ్ల మీద రాసిన సిరా ఎప్పుడో వెలిసిపోయింది. ఇక ఒక్కొక్కటీ తీసి చూడటమే. భోజనం సంగతి మరిచి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. కింద బండి వచ్చి ఆగిన చప్పుడు వినిపించినా తలెత్తలేదు.

పెట్టె అడుగుకు వచ్చాక దొరికింది. చుట్టూ ఉన్న రేణువులన్నీ ఆమ్లం లోపలిదంతా తినేసిన డొల్లలు. ఉడికించడం అయ్యాక ఆమె కోటు మీంచి రాలిన మందార రేణువు ఒక్కటే నిండుగా ఉంది. ఆమెకు కళ్ళు మసకబారి, మైక్రోస్కోపు మర ఎంత తిప్పినా ఏమీ కనిపించలేదు.

డైరెక్టరు వచ్చి వంగి చూశాడు.

“ఇది కల్తీ కదమ్మా! ఇంకా ఉంచారేం?”

“కల్తీనే సార్. ఇది నేను ఇంటికి తీసుకెళ్ళొచ్చా?”

“తీసుకెళ్ళండి, దానికేం. కానీ దేనికి పనికొస్తుంది? ఏ కాలానిదో కూడా తెలీదు.”

“నాకు తెలుసు సార్” అంది ఆమె, స్లైడును రుమాల్లో చుట్టుకుంటూ. “మా ఆయన నా కోటు ఉతికి ఆరేసిన రోజుది.”