పుల్లీ మీద బొట్టు

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా నాయనమ్మ దృష్టిలో లోకంలోని వాహనాలన్నీ రెండు రకాలైపోయాయి: మా పాత కారు, పనికిరానివి. ఆటో ఎక్కాలంటే నడుం వంచాలి. బాబాయి కొన్న పెద్ద కారెక్కాలంటే నిచ్చెన వెయ్యాలి. మా కారు ముందు సీటు మాత్రం, తయారుచేసినవాళ్లు ముందుగా వచ్చి ఆవిడ మోకాలి కొలత తీసుకెళ్లినట్టు, సరిగ్గా కావలసినంత ఎత్తులో ఉంటుంది. వెనక్కి తిరిగి కూలబడి, కాళ్లు రెండూ లోపలికి లాక్కుంటే చాలు. ఆ కారుకి దాదాపు నా వయసే ఉంటుంది. ఇద్దరిలో ఇంట్లో గౌరవం దానికే ఎక్కువ. పొద్దున్న లేటుగా కదిలినా దాన్నెవరూ ఏమీ అనరు.

ప్రతి ఆదివారం నాయనమ్మ ఆ కారులో కంకిపాడు వెళుతుంది. అక్కడ ఆవిడ తోడికోడలు ఉంటుంది. కాపురానికొచ్చిన నాటినుంచీ ఇద్దరూ అష్టాచెమ్మా ఆడుకుంటున్నారు. ఆడుకుంటున్నారనడం మర్యాద కోసం. గవ్వల చప్పుడుకన్నా "తొండి" అనే మాటే ఎక్కువ వినబడుతుంది. ఆపరేషన్ తరవాత డాక్టరు చెప్పిన వ్యాయామాలు చెయ్యలేని పని ఆ తగువు చేసింది. ఆదివారం వెళ్లి పోట్లాడాలన్న పట్టుదలతో ఆవిడ మంచం దిగి నడిచింది.

అలాంటి రోజుల్లో మా మెకానిక్ కారు సర్వీసింగ్ చేస్తూ చేస్తూ నాన్నని పక్కకి పిలిచాడు. ఆస్పత్రి వరండాలో మాట్లాడే గొంతుతో చెప్పాడు. "టైమింగ్ బెల్టు పగుళ్లిచ్చేసింది సార్. అదిగానీ తెగిందంటే లోపల వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి. ఇంజను పోయినట్టే. ఈ బండికి మళ్లీ ఇంజను పని ఎవరూ ఒప్పుకోరు. మార్చేదాకా బయటికి తియ్యకండి."

ఇంత చెప్పి ఆయన కూతురి పెళ్లి పనులమీద ఊరెళ్లిపోయాడు. ఆటోనగర్లో ఇంకొకాయన కారుని ఒక చుట్టు తిరిగి చూసి, "పాతినప కాటాకి వేసెయ్యండి సార్" అన్నాడు. నాన్న నొచ్చుకున్నాడు. "మా అమ్మ ఎక్కే బండండీ" అన్నాడు, ఆ విషయం కాటాలో తూగుతుందన్నట్టు.

ఆ ఆదివారం కంకిపాడు ప్రయాణం ఆగిపోయింది. సాయంత్రం తోడికోడలి ఫోన్ వచ్చింది. నాయనమ్మ స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది కాబట్టి మా వీధికి కూడా వచ్చినట్టే.

"ఏం అక్కా, రాలేదేం? పోయినవారం ఓడిపోయావని భయమేసిందా?"

"భయం నీ మొహం. కారు బాగాలేదు."

"కారు బాగాలేదా, ధైర్యం బాగాలేదా?"

"వచ్చే ఆదివారం వస్తున్నా. గవ్వలు కడిగి పెట్టుకో."

దాంతో బెల్టు మార్చడం మా వంశప్రతిష్ఠకి సంబంధించిన విషయమైపోయింది. కంకిపాడులో ఉన్నది కూడా మన వంశమే కదా అని నేను గుర్తుచేశాను. ఎవరూ పట్టించుకోలేదు.

"నువ్వు చదివింది మెకానికలే కదరా," అన్నాడు నాన్న. "ఒక బెల్టు మార్చలేవా?"

ఇంజనీరింగ్ కాలేజీలో నేను దగ్గరగా చూసిన యంత్రం జిరాక్స్ మెషినొక్కటే. తరవాత సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. నాన్న మాత్రం ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో చేసి రిటైరయ్యాడు. "టర్బైన్లు చూసినవాణ్ణి, ఇదో లెక్కా" అంటాడు. నిజమే, చూశాడు. అకౌంట్స్ సెక్షన్ కిటికీలోంచి.

బెల్టు గవర్నర్‌పేటలో ఒక పాత కొట్లో దొరికింది. "ఎన్నాళ్లు వస్తుందండీ?" అని అడిగాడు నాన్న. కొట్టాయన కారు పేరు విని, "దానికన్నా ఎక్కువే వస్తుందండీ" అన్నాడు.

శనివారం పొద్దున్న పోర్టికోలో పని మొదలుపెట్టాం. జాకీ పెట్టి కారు లేపి, కుడివైపు ముందు చక్రం తీశాం. పై వాటాలో అద్దెకుండే అంకుల్ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని సరిగ్గా ఎదురుగా వేసుకున్నాడు. "మా బావమరిది కారు ఇలాగే బాబూ. బెల్టు తెగింది. బ్యారేజీ మీద. నట్టనడుమ," అన్నాడు ప్రోత్సాహంగా.

కింద పుల్లీని పట్టుకున్న బోల్టు ఊడలేదు. పానాకి బోరు పైపు ముక్క తొడిగి నేను లాగాను. ఊడలేదు. నాన్న లుంగీ ఎగ్గట్టి పైపు మీద ఎక్కి నిలబడ్డాడు. అంకుల్ ఊపిరి బిగబట్టి ముందుకి వంగాడు. ఫట్‌మని చప్పుడైంది.

"విరిగింది! అయిపోయింది!" అని కేకేశాడు అంకుల్.

విరిగిన మాట నిజమే. ఆయన కుర్చీ కాలు. ఆయన్ని లేపి దుమ్ము దులిపే హడావిడిలో బోల్టు ఎప్పుడు వదులయిందో మేమెవరం చూడలేదు.

మూత తీస్తే బెల్టు కనిపించింది. పైన ఒక పళ్ల పుల్లీ, కింద ఒకటి. రెంటినీ కలుపుతూ రబ్బరు బెల్టు. ఆ రెండూ ఒకదానితో ఒకటి లెక్క తప్పకుండా తిరగాలి. కొత్త బెల్టు ఒక్క పన్ను అటో ఇటో ఎక్కినా, మెకానిక్ చెప్పిన గుద్దుడు మన చేతులమీదుగానే జరగొచ్చు. కంపెనీవాళ్లు పుల్లీల మీద గుర్తులు పెడతారని వీడియోలో చెప్పారు. మా కారులో ఆ చోటంతా నూనె జిడ్డు గారెపిండిలా పట్టి ఉంది. అంతా గీకే ఓపిక లేక నేను పుల్లీలకీ, వాటి వెనక ఇనుముకీ వైట్నర్‌తో ఎదురెదురు గీతలు పెట్టాను. సీసా అయిపోయింది. పాత బెల్టు తీశాను. అమ్మ అన్నానికి పిలిచింది.

పప్పులో నెయ్యి వేసుకుంటూ నాన్న, "మిగిలింది తగిలించడమే" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

తిరిగొచ్చేసరికి నాయనమ్మ ఇంజను ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో పసుపు, కుంకుమ. ఇంజను తళతళలాడుతోంది. పై పుల్లీకి అన్నివైపులా బొట్లు. బోల్టులు కడగడానికి నాన్న డబ్బాలో పోసుకున్న డీజిలు సగం అయిపోయింది.

"జిడ్డు మీద బొట్టు పెడతారేంట్రా ఎవరైనా? శుభ్రంగా తుడిచి పెట్టాను," అంది. "పొట్ట కోసినట్టు కోసి వదిలేశారు. బండి పని మొదలెట్టేముందు బొట్టు పెట్టాలని తెలీదూ?"

"నాయనమ్మా, ఇక్కడ తెల్లగా గీత ఉండాలి."

"ఆ సున్నం మరకా? గోటితో గీకితేగాని పోలా."

"పై చక్రం ఏమన్నా కదిపావా?"

"నేనెందుకు కదుపుతా? తుడుస్తుంటే అదే గిర్రున ఇంత తిరిగింది. శివశివా అని చెయ్యి తీసేశా."

తీర్పు చెప్పే పని అంకుల్ తీసుకున్నాడు. "ఇంకేముంది బాబూ. ఇంజను పోయినట్టే."

"ఇంకా తాళమే తిప్పలేదంకుల్. తిప్పకుండా ఎలా పోతుంది?"

నాన్న మెట్టు మీద కూలబడ్డాడు. "ఎందుకమ్మా..." అని మాత్రం అన్నాడు. నాయనమ్మ ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. పళ్లెం పక్కన పెట్టేసింది.

"పాడు చేశానా?"

నాన్న పక్కనున్న పానా తీసి లుంగీకి తుడవసాగాడు.

"అయితే దానికి ఫోన్ చేసి చెప్పరా," అంది చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఇంక రానని."

ఈ వారం రానని కాదు. ఇంక రానని. ఆవిడ ఓటమి ఒప్పుకోవడం నేను మొదటిసారి విన్నాను. దానికి తగ్గ జోకేదీ తట్టక, ఆవిడ వైపు చూడకుండా ఉండటానికి ఫోన్ లైటు వేసి పుల్లీ వైపు చూశాను.

ఒక బొట్టుకీ ఇంకో బొట్టుకీ మధ్య, జిడ్డంతా పోయిన చోట, పుల్లీ అంచున చిన్న గాటు. వెనక ఇనుము మీద దానికి జవాబుగా ఒక గీత. పడుకుని కింద పుల్లీ మీద జిడ్డు కూడా గీకి చూశాను. అక్కడా ఒక చుక్క, ఒక బాణం గుర్తు. కంపెనీవాళ్లు పెట్టినవే. ఇన్నేళ్లూ ఆ జిడ్డు కిందే ఉన్నాయి.

"నాన్నా, ఇలా రా," అన్నాను. "నాయనమ్మా, ఆ కుంకుమ ఇలా ఇయ్యి."

"ఎందుకు?"

"గాటు మరీ చిన్నది. తిప్పేటప్పుడు కళ్లకి ఆనదు. వైట్నర్ అయిపోయింది."

ఆవిడ పళ్లెం దూరంగా జరిపింది. "ఆ మసి చేతుల్తోనా? ఎక్కడో చూపించు, నేనే పెడతా."

ముందు పెట్టిన బొట్లన్నీ తుడిపించాను. అది అంత తేలిక కాలేదు. తరవాత గాటుకి కుంకుమ, ఎదురు గీతకి పసుపు. కిందదానికి ఆవిడ వంగలేదు కనక నన్ను పెట్టమంది. "ఉంగరపు వేలితోరా," అంది. బీటెక్ మెకానికల్. కారు కింద పడుకుని ఉంగరపు వేలితో పెట్టాను.

గుర్తులు ఎదురెదురుగా తెచ్చి, కొత్త బెల్టు తొడిగి, అది వదులవకుండా పట్టే టెన్షనర్ బిగించాం. తాళం తిప్పేముందు చేత్తో తిప్పి చూసుకోవాలి. నాన్న పానాతో కింద బోల్టు తిప్పసాగాడు, మెల్లగా, టర్బైన్లు చూసినవాడిలా. ఎక్కడా అడ్డం తగల్లేదు. చుట్లు పూర్తయి కింద చుక్క బాణం దగ్గరకొచ్చేసరికి, పైన కుంకుమ పసుపుని దాటి ఒక పన్ను అవతలుంది.

"అయ్యయ్యో!" అన్నాడు అంకుల్.

"ఇందుకే కదండీ చేత్తో తిప్పేది," అన్నాను.

విప్పాం. మళ్లీ తొడిగాం. మళ్లీ తిప్పాడు నాన్న. ఈసారి నాయనమ్మ కళ్లజోడు తెప్పించుకుని, ముక్కు పుల్లీకి తగిలేంత దగ్గరగా కూర్చుంది. తలకాయ కాస్త పక్కకి పెట్టమన్నాను. వినలేదు.

"ఆఁ... ఆఁ... ఆగు! బొట్టుకి బొట్టు ఎదురొచ్చింది!"

కిందా సరిపోయింది.

అన్నీ బిగించాక నాన్న చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చాడు. ఆ వైపు చక్రమే ఇంకా పెట్టలేదని చెప్పాను. నిమ్మకాయలు జేబులో వేసుకుని తాళం తిప్పాడు. ఇంజను ఎప్పటిలాగే రెండుసార్లు దగ్గి, ఏమీ జరగనట్టు అందుకుంది. అంకుల్ కొంచెం నిరాశపడ్డాడని నా అనుమానం.

మర్నాడు నాయనమ్మ వెనక్కి తిరిగి కూలబడి, కాళ్లు లోపలికి లాక్కుంది. కంకిపాడు చేరేసరికి తోడికోడలు గుమ్మంలోనే నిలబడి ఉంది. పక్కన అరుగు మీద, చాటలో, కడిగిన గవ్వలు ఆరుతున్నాయి.

"కారెవరు బాగుచేశారు అక్కా?"

"ఇంకెవరు? నేనే," అంది నాయనమ్మ కారు దిగుతూ. "వీళ్లు కాస్త సాయం చేశారు."

నాన్నా నేనూ కారులోనే కూర్చున్నాం. కాసేపటికే లోపల్నించి "తొండి!" అని కేక వినబడింది. నాన్న ఇంజను ఆపి చెవొగ్గాడు.

"ఎవర్రా?"

"మనవాళ్లే," అన్నాను.