పొయ్యి వెలగని పూట

మంచు వల్ల బస్సు ఆలస్యమైంది. కాస్త వెచ్చగా ఉంటుందని, హాలిఫాక్స్ బస్టాండు పక్కనున్న ఈజిప్టు వాళ్ళ హోటల్లోకి వెళ్ళాను. అక్కడ పొడుగాటి బల్లల చుట్టూ కూర్చుని, మధ్యలో పెట్టిన పెద్ద పళ్ళేల్లోంచి అందరూ కలిసి తింటున్నారు. ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని టీ మాత్రం చెప్పాను. ఎదురుగా ఈజిప్టు పెద్దావిడ ఒక్కతే భోజనం చేస్తోంది. కాళ్ళ దగ్గర ప్రయాణపు సంచి ఉంది.

"ఏమీ తినవా?" అంది ఇంగ్లీషులో.

"ఆకలి లేదాంటీ," అన్నాను. ఎందుకో అసలు సంగతీ చెప్పేశాను. "పొద్దున మా అక్క పోయిందని ఫోనొచ్చింది." ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి.

ఆవిడ తినడం ఆపింది. "మా వైపు చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వాళ్ళే వండి తెస్తారు," అంది.

"మా వైపూ అంతే."

ఆవిడ తన పళ్ళెం నా ముందుకు జరిపింది. రొట్టె తుంచి, చిక్కుడు గింజల కూరలో అద్ది, నా చేతిలో పెట్టింది. ఇంకొకరి కంచంలోది ఎంగిలని నేర్చుకుని పెరిగినవాణ్ణి. ఆ పూట అదేమీ గుర్తు రాలేదు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆవిడ తుంచి పెడుతూనే ఉంది.

కిటికీలోంచి తన బస్సు కనబడగానే లేచి, సంచి భుజాన వేసుకుంది. ఒక్క మాటైనా అనకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

చావింటికి వచ్చినవాళ్ళు మా ఊళ్ళో వెళ్ళొస్తామని చెప్పరు. ఆ సంగతి నేనావిడకు చెప్పలేదు.