నోట్లో ముత్తాతలు

పళ్ళ డాక్టరమ్మకు ఒక్కటే పిచ్చి. ఎవరు నోరు తెరిచినా ఆవిడకు అందులో పళ్ళు కాదు, వాళ్ళ పూర్వీకులు కనపడతారు. తాతలూ ముత్తాతలతో ఆగితే సర్దుకుపోవచ్చు. ఆవిడ చుట్టరికం కలపడం మొదలుపెడితే కోతుల దగ్గర కాసేపు నిలబడి, ఎలుకంత జంతువులను పలకరించి, సముద్రంలోకి దిగి, చేపల దగ్గరకు చేరితేగానీ ఊపిరి తీసుకోదు.

ఈ పిచ్చి వల్ల నలిగిపోయేది ఆవిడ తమ్ముడు. ముందుగదిలో బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ళను పలకరించి, ఒక్కొక్కరినే లోపలికి పంపడం అతని పని. రెండు గదులకూ మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ. లోపల అన్న ప్రతి మాటా బయటికి వినిపించేది.

"నోరు ఇంకాస్త తెరవండి. ఆఁ! చూశారా, మీ జ్ఞానదంతం అడ్డంగా పడుకుంది. ఇందులో మీ తప్పేం లేదు. మీ ముత్తవ్వల్లో ఎవరో నిప్పు మీద వండటం మొదలుపెట్టారు. మెత్తటి తిండికి అలవాటుపడి దవడ చిన్నదైపోయింది. పళ్ళకి ఆ కబురు ఇంకా అందలేదు. అవునంటారా?"

"ఆ... ఆ..." అన్నాడు కుర్చీలో ఉన్న దర్జీ. నోట్లో ఒక గొట్టం, ఒక అద్దం, డాక్టరమ్మ రెండు వేళ్ళూ ఉన్న మనిషి అంతకన్నా ఏమనగలడు? ఆవిడ దాన్ని ఒప్పుకోవడం కిందే జమకట్టేది. తనతో ఎవరూ వాదించలేరని ఆవిడకు గట్టి నమ్మకం.

వాదించిన మనిషి ఒక్కరే, రిటైరైన హెడ్మాస్టరుగారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలీ వాలకముందే డాక్టరమ్మ అందుకుంది.

"పంటికి మూలం ఎక్కడో తెలుసాండీ? పాతకాలం చేపల ఒంటి మీది గట్టి పలుకులే నోట్లోకి జరిగాయని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. అంటే మీ నోట్లో ఉన్నవి ఒకరకంగా పొలుసులు."

హెడ్మాస్టరుగారు నోట్లోంచి గొట్టం పీకేశారు. "అమ్మాయ్! మాది ఎలాంటి వంశం అనుకున్నావు?"

"వంశం మంచిదేనండీ. నేను చెప్పేది దానికి కాస్త ముందు సంగతి."

ఆయన మెడకు కట్టిన నీలం గుడ్డతోనే వీధిలో పడి వెళ్ళిపోయారు. ఆ గుడ్డ కోసం తమ్ముడు మలుపుదాకా పరిగెత్తాడు.

ఆ సాయంత్రం తమ్ముడు తెగించాడు.

"అక్కా, పక్క వీధిలో కొత్త పళ్ళ ఆస్పత్రి పెట్టారు. అక్కడ చల్లటి గది ఉంది, మెత్తటి సోఫా ఉంది, నోరు మూసుకుని పనిచేసే డాక్టరున్నాడు. మన దగ్గరేమున్నాయి? చేపలు!"

"నిజం చెప్తే తప్పేంట్రా?"

"నోరు కదపలేని మనిషికి చెప్పడం తప్పు. నాకు మాటివ్వు. రేపట్నుంచి నువ్వు పని చూసుకో, మాటలు నేను చూసుకుంటా."

"పోనీ, కోతుల దాకా..."

"కోతులూ వద్దు."

ఆవిడ ముఖం వేలాడేసుకుని మాటిచ్చింది.

మర్నాటి నుంచి ఆస్పత్రిలో మంచి క్రమశిక్షణ వచ్చింది. తమ్ముడే లోపల నిలబడి, అందరు డాక్టర్లూ అడిగేవి అడిగాడు. "రోజూ రెండుపూటలా తోముకుంటారా? ఇంత పాడయ్యేదాకా ఏం చేస్తున్నారు? మొదట్లోనే వస్తే ఇంతదాకా వచ్చేదా?" అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ అడిగిన ప్రతిసారీ కుర్చీలో మనిషి ఒక జానెడు కుంచించుకుపోయేవాడు. కొండంత ఒళ్ళున్న వడ్రంగి ఒకాయన తలొంచుకుని, "పని ఉంది, రేపొస్తానండీ" అని లేచాడు. మళ్ళీ రాలేదు. తమ్ముడికి ఎక్కడో గుచ్చుకుంది గానీ, ఆయనకు నిజంగానే పని ఉందేమోలే అని సరిపెట్టుకున్నాడు.

అలా ఉండగా ఒక బస్సు డ్రైవరు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కాలేజీలో కొత్తగా చేరిన పిల్ల. పేరు అడిగితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. తండ్రి అయితే పెదవులు విడీ విడనట్టు గొణిగాడు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, బలవంతాన నోరు తెరిపిస్తే తెలిసింది. పైన ముందు పళ్ళకు అటొకటి, ఇటొకటి ఉండాల్సిన పళ్ళు లేవు. పుట్టుకతోనే లేవు.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు తీసుకురాలేదండీ?" అన్నాడు తమ్ముడు అలవాటుగా.

డ్రైవరు నేల చూపులు చూశాడు. "నావే వచ్చాయి బాబూ దానికి. నాకూ అవే లేవు. క్లాసులో లేచి మాట్లాడమంటే కాలేజీ మానేస్తానంటోంది. అంతా నా వల్లే."

"పోదాం పద నాన్నా," అని పిల్ల కుర్చీలోంచి లేచింది.

డాక్టరమ్మ తమ్ముడి వంక చూసింది. బడి గంట ఎప్పుడు కొడతారా అని చూసే పిల్లలా ఉంది ఆవిడ ముఖం. తమ్ముడికి వడ్రంగి గుర్తొచ్చాడు. డ్రైవరు వంగిన మెడ కనపడింది. తను అడిగిన ప్రశ్న తనకే చేదుగా తోచింది.

"చెప్పక్కా," అన్నాడు. "చేపల దగ్గర్నుంచీ చెప్పు."

కట్ట తెగింది.

"కూర్చో తల్లీ! పాలిచ్చే జంతువుల్లో మన పెద్దలకి నలభై నాలుగు పళ్ళుండేవి. మనకి వచ్చేసరికి ముప్పై రెండు. దారి పొడుగునా పారేసుకుంటూనే వచ్చాం. నువ్వు ఇంకో రెండు పారేశావు, అంతేగా! కోడిని చూడు, దాని పెద్దలకి నోటినిండా పళ్ళుండేవి. పళ్ళు చేసే జన్యువుల ముక్కలు దాని ఒంట్లో పాడైపోయి ఇప్పటికీ పడున్నాయి. అదేమైనా దిగులు పడుతోందా? ఇక ఆవు సంగతి. మనకి దూరపు చుట్టం. దానికి పైన ముందు పళ్ళు అసలే ఉండవు. ఏ ఆవైనా నోటికి కాలు అడ్డం పెట్టుకుని నమలడం చూశావా?"

పిల్ల ఫక్కున నవ్వింది. నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. ఎడమ బుగ్గ మీద చక్కటి సొట్ట పడింది.

"ఈ సొట్ట ఎవరిదే?"

"ఏమో డాక్టరుగారూ. అమ్మకి లేదు."

"మరి డ్రైవరుగారూ, మీరు పళ్ళు పంచిపెట్టారంటున్నారే, మీ చేతిలో ఉండి పంచారా? ఎవరో మీకిచ్చారు, వాళ్ళకి ఇంకెవరో ఇచ్చారు. వెనక్కి వెళ్తే మీరెంత దూరమని తిడతారు? చేపల్ని కూడా తిడతారా?"

డ్రైవరు ఆపుకోలేకపోయాడు. నోరంతా తెరిచి, భుజాలు కదిలేలా నవ్వాడు.

"నాన్నా!" అంది పిల్ల. "నీకూ పడుతుంది సొట్ట! అదే బుగ్గ మీద!"

ఆయన ఎడమ బుగ్గ తడుముకున్నాడు. ఎన్నేళ్ళుగా మూసుకుని ఉన్న ముఖమో, సొట్ట ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. "నాదేనా అది?" అన్నాడు నమ్మలేనట్టు.

"మీదే. ఆ లెక్క కూడా చూసుకోండి మరి," అని డాక్టరమ్మ పనిలోకి దిగింది. పక్క పళ్ళ ఆసరాతో ఇప్పటికి ఏం పెట్టవచ్చో, ఎదుగుదల పూర్తయ్యాక శాశ్వతంగా ఏం చేయవచ్చో తీరుబడిగా చెప్పింది. పిల్ల శ్రద్ధగా విని, తండ్రికి కూడా పెట్టాలని పట్టుబట్టింది.

వాళ్ళు వెళ్ళాక తమ్ముడు కుర్చీ తుడుస్తూ అడిగాడు. "అక్కా, నువ్వు ప్రతివాళ్ళ తప్పూ తీసుకెళ్ళి ముత్తాతల మీద వేసేది ఇందుకేనా?"

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. "వాళ్ళు ఏమీ అనుకోరు కదరా. పోయి ఎన్ని యుగాలైందో! సిగ్గుపడేది బతికున్నవాళ్ళేగా. ముందు ఆ నోరు తెరుచుకుంటే తర్వాత నేను తోముకోమని చెప్తాను." చేతులు తుడుచుకుంటూ, "అయినా చేపల సంగతి నిజమేరా," అంది.

ఇంతలో ముందుగదిలో ఫోన్ మోగింది. తమ్ముడు పరిగెత్తి అందుకున్నాడు. అవతల ఒక ఆడమనిషి గొంతు, బెదురుగా ఉంది.

"పళ్ళు బాగా పాడైపోయాయండీ. చాలా ఏళ్ళుగా చూపించుకోలేదు. డాక్టరుగారు తిడతారా?"

"తిడతారండీ," అన్నాడు తమ్ముడు. "మిమ్మల్ని కాదు, మీ ముత్తాతని."

"ఎవరు, మా నాన్నగారి తాతగారా?"

"ఇంకాస్త వెనకాయనండీ. అప్పటికి నీళ్ళలోంచి బయటికి రాలేదు. రేపు పొద్దున్నే వచ్చేయండి, వివరంగా చెప్తారు."