నా బావకు నేను వేసిన ఎనభై ఏడు మార్కులు

మా బావ నీళ్లు వదులుతాడు. అంతే ఉద్యోగం. ఓస్, ఇంతేనా అనిపిస్తుంది కానీ, ఆయన ఒక్కరోజు జ్వరంతో పడుకుంటే పదకొండు వీధులు మొహం కడుక్కోకుండా కూర్చుంటాయి. భుజం ఎత్తు ఇనుప కడ్డీ, దాని పైన అడ్డంగా పిడి. అదే ఆయన తాళం. తెల్లవారగానే దాన్ని భుజాన వేసుకుని బయల్దేరి, రోడ్డు మీద ఇనుప మూతలు ఒక్కొక్కటే ఎత్తి, లోపలి వాల్వుకు తాళం తగిలించి తిప్పుతాడు. ఏ వీధికి ఎన్ని చుట్లు తిప్పాలో ఏ కాగితం మీదా లేదు, ఆయన బుర్రలోనే ఉంది. మిట్ట మీద వీధికి పద్నాలుగు, పల్లంలో ఉన్న బడి వీధికి ఆరున్నర. ఆ అర చుట్టు కోసం ఇంజనీరుతో కూడా పోట్లాడాడు. అందుకే అందరూ ఆయన్ని చుట్లాయన అంటారు. కోపం వస్తే మా అక్క కూడా అదే అంటుంది.

మంచివాడే కానీ మొండిఘటం. ఒకసారి పెద్ద అధికారి ఒకాయన వస్తున్నాడు, వేళ కాకపోయినా ఆ వీధికి నీళ్లు వదలమన్నారు. "ఆయనకి కావాలంటే మా ఇంటి నుంచి బిందెడు పట్టుకొస్తా సార్, వాల్వు మాత్రం టైముకే తిప్పుతా" అన్నాడు. అన్నట్టే బిందె కూడా పట్టుకెళ్లాడు. ఇక రహస్యమంటారా, ఆయన కడుపులో గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా కూడా ఆగదు.

నేను అదే నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాను. నా పని కాగితాలు నింపడం. ఇరవై రెండేళ్లుగా నింపుతున్నాను, వాటిని చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ముప్పు అంచనా చట్టం వచ్చిందని రేడియోలో విన్నాం. ప్రమాదకరమైన మనుషుల్ని వాళ్లు ఏదైనా చేయకముందే కనిపెడతారట. ఆఫీసులో టీలు తాగుతూ దాని మీద కాసేపు మాట్లాడుకున్నాం. "మంచిదేగా, తప్పు చేయనివాళ్లకి భయమెందుకు?" అన్నాడు పక్క సీటాయన. నేనూ బుర్ర ఊపాను. ఇప్పుడు ఆ బుర్రను చూస్తే నాకే చిరాకేస్తుంది.

ఆ వారమే సిబ్బంది పనితీరు నివేదికలు పంపాలి. ఏటా ఉండే తంతే. మనిషికో పత్రం, ప్రశ్నకు ఐదు మార్కులు, ఎక్కువ వస్తే జీతం పెరుగుతుంది. కట్టతో పాటు కొత్త పత్రాలు కూడా కొన్ని వచ్చాయి. అవీ ప్రశ్నకు ఐదు మార్కులే, ఇరవై ప్రశ్నలు. పై పేజీలో ఏదో చట్టం, సెక్షను, నిబంధన అని చీమల బారులా ఉంది. చీమల బారు ఎవడు చదువుతాడు? ఈసారి పనితీరుకు రెండు పత్రాలు పెట్టారు కాబోలనుకున్నాను. వాల్వు సిబ్బంది పత్రాలు నా చేతికొచ్చాయి. మొదటిది మా బావదే.

"నీటి సరఫరాలో కీలకమైన చోట్లు ఇతనికి ఎంతవరకు తెలుసు?" ఐదు. "ఎవరి సాయం లేకుండా ఒంటరిగా పని చేయగలడా?" ఐదు. "ఒక ప్రాంతం మొత్తానికి సరఫరా ఆపగల సామర్థ్యం ఉందా?" ఐదు వేసి, పక్కన 'ఒంటి చేత్తో' అని రాశాను. "పదిమంది ఇతని మాట వింటారా?" ఐదు. "పై అధికారులను ఎదిరించే స్వభావం ఉందా?" ఇది మాత్రం కాస్త వింతగా తోచింది. బహుశా ధైర్యం గురించి అడుగుతున్నారేమోనని ఐదు వేసి, బిందె సంగతి నాలుగు వాక్యాల్లో అందంగా వర్ణించాను. రసాయనాల పరిజ్ఞానానికి రెండే వేశాను, న్యాయంగా ఉండాలి కదా. పరాయి భాషలకు సున్నా, రహస్యాలు దాచడానికి సున్నా. మొత్తం ఎనభై ఏడు. తొంభై దాటించలేకపోయానే అని ఆ రోజంతా బాధపడ్డాను కూడా!

పది రోజులకు ఇద్దరు మనుషులు వచ్చి బావ తాళం తీసుకెళ్లిపోయారు. ఒక ఉత్తరం చేతిలో పెట్టారు. బావ దాన్ని తిన్నగా నా దగ్గరికే తెచ్చాడు.

"ఇదేంటో చదివి పెట్టరా బామ్మర్దీ. నేను చదివితే నాకే భయమేస్తోంది."

చదివాను. మీరు అధిక ముప్పు వర్గంలోకి వస్తారు. కారణాలు తెలుపబడవు. మీ గురించి తెలిపినవారి వివరాలు తెలుపబడవు. ఏ వాల్వుకూ పది అడుగుల లోపుకు వెళ్లరాదు. మీ అంచనా ఎనభై ఏడు.

ఆ అంకె నేను వేసిందే. ఉత్తరం మడిచి బావకు తిరిగిచ్చేశాను. తెలిపినవారు బయటపడితే వాళ్ల మీద కూడా చర్య ఉంటుందని కింద సన్నగా రాసి ఉంది. అందుకే చెప్పలేదని అందామనుకున్నాను గానీ, అది అబద్ధం. మా అక్కకు భయపడ్డాను.

ఇంకో చిక్కేమిటంటే, బావ ఇంటి గుమ్మానికి మూడడుగుల దూరంలోనే ఒక వాల్వు ఉంది. పాపం, మనిషి వీధిలోకి రావాలంటే పెరటి గోడ ఎక్కి, పక్కింటి దర్జీ వరండాలోకి దూకి రావాలి. యాభై ఆరేళ్ల వయసులో రోజుకు నాలుగుసార్లు గోడ దూకేవాడు. "చట్టాన్ని గౌరవించడమంటే ఇంత ఆయాసమని తెలీదే!" అనేవాడు అక్కతో. ఆయన బదులు వచ్చినతను అన్ని వీధులకూ సమానంగా పది చుట్లు తిప్పాడు. మిట్ట వీధి ఎండిపోయింది, బడి వీధిలో పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారు.

అంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాత బావ ఆలోచించడం మొదలుపెట్టాడు. ఎవరు రాసుంటారు? పోయిన వేసవిలో ఇంకో పది నిమిషాలు నీళ్లు వదలమని దర్జీ అడిగితే ఈయన కుదరదన్నాడు. అదీ సాక్ష్యం! ఇరవై ఐదేళ్లుగా రోజూ సాయంత్రం కలిసి చదరంగం ఆడుకునే స్నేహితుడు. ఆయనతో మాటలు మానేశాడు. గోడ మాత్రం దూకేవాడు, కానీ మొహం పక్కకు తిప్పుకుని దూకేవాడు.

ఒక మధ్యాహ్నం దర్జీ మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో కత్తిరించిన చొక్కా ముక్కలు.

"మీ బావ ఇవి తిరిగిచ్చేయమన్నాడయ్యా. కుట్టొద్దట. నేనేం చేశాను? నువ్వైనా అడిగి చెప్పు" అన్నాడు. ఆ ముక్కల వైపు చూడలేక నేను గోడకున్న క్యాలెండరుకి సమాధానం చెప్పాను. అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

ఉద్యోగం తిరిగి రావాలంటే అప్పీలు ఒక్కటే దారి. విచారణకు తోడుగా బావ నన్నే తీసుకెళ్లాడు. కాగితాలు తెలిసినవాణ్నట! గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ఒకే ఒక అధికారిణి. నిద్ర చాలని కళ్లు, మర్యాదగల మనిషి.

"కారణాలు మీకు చెప్పకూడదండి. అప్పీలుకి ఒక్కటే అవకాశం. మీమీద పగతో ఎవరైనా రాసుండొచ్చు అనిపిస్తే పేరు చెప్పండి. పగ రుజువైతే అంచనా రద్దు చేస్తాం" అందామె.

బావ జేబులోంచి చీటీ తీశాడు. దాని మీద దర్జీ పేరుందని నాకు తెలుసు. రాసింది నేనే, ఆయన చెబుతుంటే, ముందురోజు.

"ఆ చీటీ వద్దు మేడమ్," అని లేచాను. "రాసింది నేను. పనితీరు మార్కులనుకున్నాను. ఎక్కువ వేస్తే జీతం పెరుగుతుందనుకుని వేశాను."

ఆమె నిబంధనల పుస్తకం తిరగేసింది.

"మీకు ఈయన మీద కోపమేమైనా ఉందా?"

"కోపమా? మా అక్క మొగుడండీ. నన్ను పనిలో పెట్టించింది ఆయనే."

"అయ్యో. అయితే కుదరదండి. పగతో రాసినదే రద్దు చేయగలం. ఇష్టంతో రాసింది చెల్లుతుంది."

"పొరపాటున రాశాను మేడమ్!"

"పొరపాటుకి ఇందులో గడి లేదు."

బావ చీటీని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను.

"ఎనభై ఏడేనా? మిగతా పదమూడు ఏమయ్యాయిరా?"

"పరాయి భాషలు... రసాయనాలు..." అన్నాను. "రహస్యం దాచలేవని ఒక ఐదు."

"అదీ నిజమేలే" అన్నాడు. కళ్లు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, వీడు నాకు బద్ధశత్రువు. పెళ్లినాటి నుంచీ పగే. రాసుకోండి."

ఆమె ఒక పత్రం నా ముందుకు జరిపి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడింది. పగకు కారణాలు సొంత దస్తూరీతో రాయాలి. కలం పట్టుకుని కూర్చున్నాను. ఎన్నో పత్రాలు నింపినవాణ్ని, ఒక్క కారణం తట్టలేదు.

"రాయరా," అన్నాడు బావ, గొంతు తగ్గించి. "పెళ్లి భోజనాల్లో నీకు ఆఖరి బంతిలో వడ్డించానని రాయి."

"మొదటి బంతిలో నీ పక్కనే కూర్చోబెట్టావు కదా."

"రాయమంటున్నానా! నీకు జ్వరమొస్తే చూడ్డానికి రాలేదని రాయి."

"మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నావు బావా."

"నాకు తెలీదేంట్రా?" అంటూ పత్రం నా దగ్గరికి ఇంకాస్త జరిపాడు. నేను రాశాను. ఒక్కొక్క మేలునూ తిరగేసి రాశాను. పేజీన్నర వచ్చింది. చివరి షరతు ముందే అచ్చయి ఉంది. పగ రుజువైనవారు రెండేళ్లపాటు ఒకరి ఇంటికి ఒకరు వెళ్లరాదు, మాట్లాడుకోరాదు, ఎదురుపడితే తప్పుకోవాలి. ఇద్దరం సంతకం పెట్టాం. బావను ముందు గుమ్మంలోంచి, నన్ను వెనక గుమ్మంలోంచి వెళ్లమన్నారు.

బావ తాళం బావకు వచ్చేసింది. నన్ను జనన మరణాల ఆఫీసుకు మార్చారు. బావ దర్జీకి క్షమాపణ చెప్పుకున్నాడట. ఆయన చొక్కా కుట్టి ఇచ్చాడు గానీ, చదరంగం పలక ఇంకా బయటికి తీయలేదట. ఈ కబుర్లన్నీ అక్క చెబుతుంది. ఆదివారాలు ఒక్కతే వస్తుంది, నన్ను గంటసేపు తిడుతుంది, ఏడుస్తుంది, వెళ్లిపోతుంది.

మా వీధికి నీళ్లు వేళకే వస్తున్నాయి. పొద్దున్నే మలుపు దగ్గర ఇనుప మూత చప్పుడవుతుంది. పదకొండు చుట్లు, నాకిప్పుడు లెక్క తెలుసు. కిటికీ దగ్గరికి వెళ్లకుండా కుళాయి కింద బకెట్ పెట్టుకుని నిలబడతాను. బావా అని పిలవడానికి ఇంకా ఇరవై రెండు నెలలుంది.