గట్టు దాటని తూటాల మిస్త్రీ

తాండూరు మిస్త్రీ పోయాడన్న కబురు నాకు వికారాబాద్ స్టేషన్‌లో తెలిసింది. బడికి సెలవని ఊరికి బయల్దేరి బండి కోసం నిలబడి ఉన్నాను. మా చిన్నమ్మ వాళ్ల వాడకట్టు మనిషి ఒకాయన అవతలి బండి దిగి, నన్ను చూసి ఆగాడు. "టీచరమ్మా, మీకు ఎరుకేనా? మన తూటాల మిస్త్రీ తెల్లారంగ పోయిండు. పొద్దు తిరిగినంక లేపుతరట," అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఈ సంగతి మా నాయినకు తెలిసిందా, తెలిస్తే వస్తాడా అన్న ఆలోచనే ముందు వచ్చింది. తాండూరు దాకా కిటికీ పక్కన కూర్చుని అదే అనుకుంటూ పోయాను.

ఎందుకంటే ఆ మనిషి ముఖం చూడనని మా నాయిన ఒకప్పుడు నలుగురి ముందర అన్నాడు. మా నాయిన మాట అంటే అంతే. ఇంట్లో ఉప్పు ఎక్కువైందని ఒకసారి అలిగితే నెలరోజులు ఉప్పు ముట్టని మనిషి.

మిస్త్రీని ఎరగనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. తాండూరు బజారులో ఒంటి గది దుకాణం ఆయనది. తాళాలు, పెట్రోమాక్సు దీపాలు, కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. ఆయనకు పేరు మాత్రం తూటాలతో వచ్చింది. పోలీసు చర్య నాడు ఊళ్లలో తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పారు. ఆ తర్వాత లైసెన్సులు రాసి కొందరికి వాపసు ఇచ్చారు. తుపాకులైతే ఇంటికి వచ్చాయి గాని తూటాలు దొరకడం కష్టమైంది, సీమ సరుకు రావడం తగ్గిపోయింది. దాంతో పేల్చాక మిగిలిన ఇత్తడి ఖోకాలను, ఆ ఖాళీ డొప్పలను, ఎవరూ పారేసేవారు కాదు. సంచిలో వేసుకుని కొడంగల్ నుంచి, దోమ నుంచి రైతులు వచ్చేవారు. అనంతగిరి అడవికి షికారుకు పోయేవాళ్లూ వచ్చేవారు. ఆయన ఆ ఖోకా అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ ఎక్కించి, మందు పోసి, మూతికి గుండు బిగించి మళ్లీ తూటా చేసి ఇచ్చేవాడు.

పొద్దున దుకాణం తెరిచే ముందు పక్క బట్టల దుకాణం సేటు దగ్గర బీడీల కట్ట, అగ్గిపెట్టె అప్పజెప్పడం ఆయనకు అలవాటు. సేటు అంతటితో ఊరుకోక ఆయన జేబులు తడిమి చూసేవాడు. "రోజూ చూస్తవు, ఎన్నడన్న దొరికిందా?" అని మిస్త్రీ, "దొరికిననాడు నా దుకానం గూడ లేస్తది గదా పైకి," అని సేటు. బల్ల మీద ఒకసారి ఒకటే మందు డబ్బా ఉండాలి. నల్ల బారూదు డబ్బా మూతపెట్టి లోపలి అరలో పెట్టి వచ్చాకే పొగ రాని మందు డబ్బా బయటికి వచ్చేది. రెండూ కలిస్తే తుపాకి చేతిలోనే పగులుతుందని చెప్పేవాడు. మందు పోసేటప్పుడు పెళ్లాం పిలిచినా పలికేవాడు కాదు. "ఇంట్ల గూడ పలకడు, అక్కడ మందు ఎవలు వోస్తున్నరో," అని ఆమె నవ్వేది.

ఎవరొచ్చినా ముందు తుపాకి చూడాలనేవాడు. గొట్టం ఎంత అరిగిందో చూసి మందు ఎంతో అనుకునేవాడు. ఆ తర్వాత దేని మీదికి అని అడిగి గుండు తీసేవాడు. దుప్పికైతే మెత్తని మూతి గుండు, తగలగానే విచ్చుకుని అక్కడే పడేస్తుంది. పందికి అది పనికిరాదు. మగపంది జబ్బ మీద తోలు, కొవ్వు అట్టకట్టి ఉంటాయి. మెత్తని గుండు అక్కడే ముక్కలైపోతుంది, పంది చావదు, పిచ్చెక్కుతుంది. దానికి గట్టి గుండు, బరువైనది కావాలి.

ఈ సంగతులన్నీ నాకు ఎందుకు తెలుసంటే, మా అమ్మ ఆ మెత్తని గుండు వల్లనే పోయింది.

నాకు అప్పుడు చిన్న వయసు. తాండూరుకు, కొడంగల్‌కు నడుమ రోడ్డు పక్కనే మా ఊరు. జొన్న కోతలు. ఎవరో పట్నం చుట్టం మా ఊరి దొర ఇంటికి వచ్చి దుప్పి కోసమని సాయంత్రం గుట్ట మీదికి పోయాడు. దుప్పి కనపడలేదు, పంది కనపడింది. కొట్టాడు. అది చావక, పోయి మా జొన్న చేనులో దూరింది. చీకటైందని ఆయన వెనక్కి తిరిగాడు. పొద్దున ఎవరికీ ఏమీ తెలియదు. కూలీల వరసలో మా అమ్మ ఎప్పుడూ ముందుండేది, వెనకపడితే ఆమెకు నామోషీ. ఆ రోజూ ముందే ఉంది. నేను అంబలి కుండ తీసుకుని చేరేసరికి ఆడవాళ్ల అరుపులు వినిపించాయి. అంతకంటే రాయలేను.

మగవాళ్లు బల్లేలతో పందిని చంపి కోస్తే, జబ్బ తోలు కింద గుండు ముక్కలు దొరికాయి. తలారి వాటిని గుడ్డలో కట్టి, ఇవి ఎక్కడివో చెబుతాడేమోనని తాండూరు మిస్త్రీకి చూపించాడు. ఆయన చూశాడు. నాకు తెలియదని ఒక్క మాట అంటే అయిపోయేది. మూడో నాడు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గా గుండు నేను ఎంచి ఇచ్చినదే. దుప్పి మీదికన్నరు, మెత్తది ఇచ్చిన. మీ దిక్కు పందులు తిరుగుతయని నాకు ఎరుకే. ఎదురైతే కొట్టొద్దని చెప్పాలె. చెప్పలే."

చుట్టాలు, ఊరివాళ్లు అందరూ ఉన్నారు. మా నాయిన గోడకు ఆనుకుని కూర్చున్నవాడు లేచాడు. కొడతాడేమో అనుకున్నాం. "నీ ముఖం నాకు సూపకు. నా చేన్ల అడుగు వెట్టకు. పో," అన్నాడు. ఆయన పోయాడు.

మరుసటి ఏడు జొన్న కోత నాడు, ఇంకా సరిగా తెల్లారక ముందే చేను చుట్టూ డబ్బా చప్పుడు. చూస్తే మిస్త్రీ. ముందటి రోజు సాయంత్రమే వచ్చి చావడిలో పడుకున్నాడట. కిరసనాయిలు డబ్బాను కర్రతో కొడుతూ, కేకలు వేస్తూ గట్టు మీద నడుస్తున్నాడు. లోపల ఏదన్నా ఉంటే ఆడవాళ్లు కొడవలి పట్టక ముందే లేచిపోవాలని. చేనులో మాత్రం అడుగు పెట్టలేదు. గట్టు ఊరందరి బాట, మా నాయిన దాన్ని కాదనలేడు. ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

అప్పటి నుంచి ఏ కోతకూ ఆయన తప్పలేదు. ఊళ్లో కొందరు పిచ్చోడన్నారు. నేను మాత్రం ఒకటి గమనించాను. ఆ చప్పుడు చేను చుట్టూ తిరిగి ఆగేదాకా మా నాయిన కూలీలను దిగనిచ్చేవాడు కాదు. ఎందుకు ఆగాలో చెప్పేవాడు కాదు. "జర ఆగుర్రి," అనేవాడు, అంతే. వాళ్లిద్దరి మధ్య అంతకుమించి మాట నడవలేదు.

టీచరు ట్రైనింగుకు తాండూరులో చిన్నమ్మ ఇంట్లో ఉన్నప్పుడు రోజూ ఆ దుకాణం ముందు నుంచే పోవాలి. తల వంచుకుని పోయేదాన్ని. ఒకనాడు కాళ్లు వాటంతట అవే లోపలికి నడిచాయి. నేనెవరో ఆయనకు చెప్పక్కర్లేకపోయింది, మా అమ్మ పోలికట నాది. చేతిలోని ఖోకా కింద పెట్టాడు.

"ఎవలకు తెల్వది గదా పెద్దనాయినా. ఎందుకు చెప్పినవ్?" అన్నాను.

"మీ నాయిన జన్మంతా ఒక పందిని తిట్టుకుంట బతకాల్నా బిడ్డా? తిట్టెటందుకు ఒక మనిషి ఉండాలె," అన్నాడు.

ఆ రోజు ఇంటికి పోయి కడుపారా ఏడ్చాను. అమ్మ పోయినాక అంత ఏడవడం అదే మొదలు. తర్వాత ఆయన దుకాణం మెట్టు మీద కూర్చోవడం నాకు అలవాటైంది. అప్పటికే మెత్తని గుండ్లు బిగించడం పూర్తిగా మానేశాడు. షికారీలు పోరుపెట్టేవారు. "గట్టి గుండు దుప్పికి గీ దిక్కు తాకి గా దిక్కు పోతది మిస్త్రీ, దుప్పి ఉరుకుతది," అనేవారు. అది నిజమని ఆయనకూ తెలుసు. "దుప్పి ఉరికితే దుప్పే చస్తది. పంది ఉరికితే మనిషి చస్తడు. దగ్గరికి పోయి కొట్టుర్రి, లేకుంటే కొట్టకుర్రి," అనేవాడు. కోపగించుకుని పోయినవాళ్లు మళ్లీ రాలేదు. బల్ల మీద ఖోకాలు తగ్గి తాళాలు పెరిగాయి. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నేను ఊరికి పోయి వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే. "మీ నాయిన బాగున్నడా?" బాగున్నాడంటే తల ఊపేవాడు. తన గురించి ఏమన్నా అన్నాడా అని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే నేను ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు.

మొన్నటి కోతకు దగ్గుతూనే వచ్చాడట. సగం తిరిగి గట్టు మీద కూలబడ్డాడట. మా నాయిన చూసి, ఒక కూలామె చేతికి చెంబెడు మజ్జిగ ఇచ్చి, "ఎవలిచ్చిన్రని అడిగితే కూలోళ్లదని చెప్పు," అన్నాడట. ఇది నాకు ఆ కూలామె చెప్పింది. మిస్త్రీ మజ్జిగ ముచ్చట మాత్రమే చెప్పి నవ్వాడు. "కూలోళ్లదట బిడ్డా. గంత చిక్కటి మజ్జిగ కూలోళ్లకు ఏడికెళ్లి వస్తది?" అని, నవ్వుతూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆయన్ను చూడటం అదే ఆఖరు.

నేను చేరేసరికి దుకాణం ముందర పడుకోబెట్టి ఉన్నారు. ఆయన భార్య, పెద్దమ్మ, నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కన్నతండ్రి పోయినట్టే ఏడ్చాను. నడుమ నడుమ లేచి కొడంగల్ బాట వైపు చూశాను. బస్సు వచ్చింది, పోయింది. మా నాయిన దిగలేదు. పాడె లేపారు. ఆడవాళ్లం వెనక నడిచాం.

ఊరు దాటాక దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. కొడుకు వంగి చెవిలో "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు. బామ్మర్ది పిలిచాడు. "ఇంకెవలన్న పిలుస్తరా?" అని పెద్దమనిషి అడిగాడు. జనం వెనక నుంచి ఎవరో తోసుకుని వస్తున్నారు. మోకాళ్ల దాకా దుమ్ము, మెడ మీద చెమట. ఊరి నుంచి నడిచే వచ్చాడు మా నాయిన. చెప్పులు విడిచి, పాడె పక్కన కూర్చుని, ముఖం మీద గుడ్డ తీశాడు.

"మిస్త్రీ," అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి గట్టిగా అన్నాడు. పిలిచి అందరిలా లేచిపోలేదు. తన చెవి ఆయన నోటి దగ్గర పెట్టి అట్లాగే వంగి ఉన్నాడు. పాడె మోసేవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. లెమ్మని ఒక్కరూ అనలేదు.