గ్రూపులో పెట్టని మాట

మా పాప చదివే బడి నుంచి నా ఫోనుకు రోజూ ఏదో ఒకటి వస్తుంది. పొద్దున్నే ఒక గులాబీ పువ్వు, దాని కింద గుజరాతీలో శుభోదయం. తెల్ల బూట్లు లేకపోతే లోపలికి రానివ్వమని ఒకరోజు, వార్షికోత్సవానికి డ్రెస్సు కొనాలని ఇంకోరోజు. తల్లిదండ్రులం అందరం ఆ గ్రూపులో ఉన్నాం గానీ మేమెవరం అందులో ఒక్క ముక్క రాయలేం. రాసే వీలు బడివాళ్లకే. అయినా నేను ప్రతిదీ చదివేదాన్ని, గుజరాతీ అక్షరాలు కూడబలుక్కుని, అర్థంకాకపోతే పాపను అడిగి మరీ. బడి నుంచి వచ్చిందంటే పిల్లకు పనికొచ్చే మాటే అయి ఉంటుందని నా పిచ్చి నమ్మకం.

పోయిన చలికాలం మాకు బాబు పుట్టాడు. గుజరాత్‌లోని ఈ కోసాడ్‌లో మేం అద్దెకుంటున్న గదిలోనే చుట్టుపక్కల వాళ్లను పిలిచి తొట్టెలలో వేశాం. మా గదుల వరుసలోనే మా కరీంనగర్ వైపు అక్క ఒకామె ఉంటుంది. ఆమె భర్తా, మా ఆయనా ఒకే కార్ఖానాలో మగ్గాలు నడుపుతారు. ఆమె కొడుకూ, మా పాపా ఒకటో తరగతిలో ఒకే బెంచీ. కాన్పయి వచ్చాక నాకు నీళ్లు కాచి పోసింది ఆమే. అలాంటి మనిషి తొట్టెలకు రాలేదు. పిలుపులో ఏదో లోటు జరిగింది, అలిగింది అనుకున్నాను. మర్నాడు పాప చేతికి గిన్నెలో పాయసం ఇచ్చి పంపితే, గడప దగ్గరే గిన్నె అందుకుని పిల్లను అటునుంచి అటే పంపేసిందట. నాకు ఒళ్లు మండింది. నేనూ మాట్లాడటం మానేశాను.

తర్వాత పరీక్షలొచ్చాయి. అవి అయిన కొన్నాళ్లకు పాపకు జ్వరం వచ్చి వీపు నిండా నీటి పొక్కులు లేచాయి. అమ్మవారు. ఆ కబురు తెలిసి అక్క పరుగెత్తుకొచ్చి గుమ్మం బయటే నిలబడి ఏడ్చింది.

"మావోనికి గూడ పోసింది చెల్లె. మీ తొట్టెలప్పుడే."

మా ఊళ్లలో ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండ కడతారు. ఆ ఇంటివాళ్లు ఒకరింటికి పోరు, ఇంకొకరు ఆ ఇంటికి రారు. అక్షరం ముక్క రానివాళ్లకు కూడా వీధి మొదట్లోనే సంగతి తెలిసిపోతుంది. అక్క ఆ పద్ధతి తప్పలేదు, అందుకే మా గడప తొక్కలేదు. వేపమండ మాత్రం బయట కట్టకుండా పిల్లాడి తలాపున పెట్టుకుంది. గుమ్మానికి ఆకు లేనప్పుడు నేను అలక అని కాక ఇంకేమనుకుంటాను?

"ఆకు బయట కడితే ఓనర్ రూం ఖాలీ చెయ్యమంటడు. ఇంతకుముందు ఒకలను గట్లనే ఎల్లగొట్టిండు. ఏం జెయ్యమంటవు?"

"మరి బడికి ఎట్ల పంపినవక్కా?"

"టీచరమ్మనే ఫోన్ జేసింది. పొక్కులు ఇంకా ఎండలేదు మేడం అన్నా ఇనలే. పరీక్షకు పంపుండ్రి, ఎవ్వలకు చెప్పకుండ్రి అన్నది. క్లాసుల ఇంకా కొందరు పిల్లలకు ఉన్నదట."

ఆ మాటకు వెనక్కి తిరిగి చూశాను. నా వెనక తొట్టెలలో రెండు నెలలు కూడా నిండని పసివాడున్నాడు. పాపను చూపించడానికి తీసుకెళ్తే, చిన్నప్పుడు నీకు పోసిందా అని డాక్టర్ అడిగాడు, లేదన్నాను. ఆయన మొహం మారిపోయింది. తల్లికి వచ్చి ఉంటే పిల్లాడికి కాస్త కాపు ఉండేదట. పాపను వేరే పడుకోబెట్టాను, గుడ్డలు వేరే ఉడకబెట్టాను. ఒక్క గది ఇంట్లో వేరే అనేది ఎక్కడుంటుంది? బాబుకూ పోసింది. జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కింది. ఆసుపత్రిలో ఆ చేతులకు నరం దొరక్క తలకు సూది పెట్టారు. వాడు ఏడ్వడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి మూస్తుంటే, నేను దేవుడికి మొక్కలేదు. బడిని తిట్టాను. నాకు తెలిసిన మూడు భాషల్లోనూ తిట్టాను.

బాబు బతికాడు. ఇంటికి తెచ్చిన మర్నాడే బడికి వెళ్లాను. ప్రిన్సిపాల్ మేడం నన్ను కూర్చోమని మంచినీళ్లు ఇప్పించి, హిందీలో చాలా మెత్తగా చెప్పింది. ఇలాంటివి గ్రూపులో పెడితే అందరూ బెదిరిపోతారట. పరీక్షలప్పుడు పిల్లల్ని మాన్పిస్తారట. బడికి చెడ్డపేరట.

"బూట్ల గురించి పెట్టారు కదా మేడం, ఇదెందుకు పెట్టలేదు?" అన్నాను.

"మీ వాళ్లు ఇళ్లలో పూజలు చేసుకుని దాచిపెడితే మేమేం చేస్తాం?" అంది.

దాచమని చెప్పిందెవరు? ఆ గ్లాసు ఆమె బల్ల మీద అంత గట్టిగా పెట్టాను, నీళ్లు చిందాయి. ఇప్పుడైనా గ్రూపులో పెట్టండి, చిన్నతరగతుల్లో ఇంకా పిల్లలకు వస్తోంది అన్నాను. చూస్తామంది. చూసే మొహం కాదని అర్థమైంది.

"పిల్ల మళ్ల గదే బడిల సదవాలె గద. జర ఊకో," అన్నాడు మా ఆయన ఆ రాత్రి. కోపం ఆయన మీదికీ మళ్లింది. ఊకునే ఇంతదాకా తెచ్చుకున్నాం మనం అన్నాను.

మర్నాడు బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లల కోసం వచ్చిన ప్రతి తల్లినీ ఆపి హిందీలో చెప్పాను. ఇంట్లో పసిపిల్లలుంటే జాగ్రత్త, ఒకటో తరగతిలో పోసింది అని. వాచ్‌మన్ పొమ్మన్నాడు, పోలేదు. ఒక టీచర్ వచ్చి ఎందుకు అందర్నీ భయపెడుతున్నారంది. భయపడాల్సిందే అన్నాను, అందరికీ వినపడేలా.

అప్పుడొక ఒడియా ఆమె నా దగ్గరకొచ్చింది. ఆమె కూతురూ ఒకటో తరగతే, నిన్నటి నుంచి ఒళ్లు వెచ్చగా ఉందట. నిజమేనా, ఎప్పట్నుంచి అని అడిగింది. పరీక్షలకు ముందు నుంచీ అన్నాను. ఆమె పిల్ల చెయ్యి పట్టుకోబోయి వెనక్కి తీసుకుని, ఆ చెయ్యి తన కడుపు మీద పెట్టుకుంది. నిండు గర్భిణి. ఆమె కూడా ఆ గ్రూపులోనే ఉంది.