గరగర ఆగిన పొద్దు

లావణ్యకు పది నెలలప్పుడు, జ్వరం ఉందేమోనని ఛాతీ మీద చేయి పెట్టాను. చర్మం కింద ఏదో గరగరమంటోంది. సిద్దిపేటలో నాది దర్జీ పని. మిషన్ నడుస్తుండగా బల్ల మీద చేయి ఆనిస్తే ఎలా అదురుతుందో, అచ్చం అలా ఉంది. నా భార్య సుజాతను పిలిచి చేయి పెట్టి చూడమన్నాను. ఆమె చేతికీ తగిలింది.

అప్పటికే పిల్ల పాలు తాగుతూ ఆయాసపడేది. నెలకోసారి దగ్గు, జ్వరం. హైదరాబాద్ దవాఖానలో గుండెకు ఎకో స్కాన్ తీశారు.

"గుండెల రంధ్రమున్నది, వీఎస్‌డీ అంటం. లంగ్ ప్రెషర్, అంటే ఊపిరితిత్తులల్ల రక్తం వత్తిడి, జర ఎక్కువున్నది, మైల్డే. రంధ్రం దానంతటదే చిన్నగ కావొచ్చు. ఆర్నెల్లకోసారి ఎకో మాత్రం తప్పొద్దు" అంది డాక్టరమ్మ. నాకు 'మైల్డ్' ఒక్కటే చెవికెక్కింది.

రోజూ షాపుకు పోయేముందు పిల్ల ఛాతీ మీద అరచేయి ఉంచడం అలవాటైంది. దర్జీ చేతికి తెలియనిదేముంటుందని నా గర్వం. మూడేళ్లు దాటాక గరగర తగ్గుతూ వచ్చింది. దగ్గులూ పోయాయి. ఒక పొద్దున అసలేమీ తగల్లేదు. సుజాత సంతోషం పట్టలేక ఏడ్చింది. రంధ్రం పూడిపోయిందని వాడకట్టంతా చెప్పుకున్నాను. ఎకో రెండుసార్లు ఎగ్గొట్టాను.

ఆ రోజుల్లో పిల్ల ఆడేది కాదు, అల్లరి చేసేది కాదు. గడపలో కూర్చుని మిగతా పిల్లల్ని చూస్తుండేది. "ఎంత బుద్ధిమంతురాలో" అని పక్కింటివాళ్లంటే మురిసిపోయాం. అది బుద్ధి కాదు, ఆయాసమని తోచలేదు.

అక్షరాభ్యాసానికి వర్గల్ గుట్ట మీది సరస్వతి గుడికి తీసుకెళ్లాం. మెట్ల మధ్యలో కూలబడి "నాయినా, ఎత్తుకో" అంది. నడిస్తేనే పుణ్యమని నేనే నడిపించాను. పంతులు పిల్ల వేలు పట్టి పళ్లెంలో బియ్యం మీద రాయిస్తూ ఆగిపోయాడు.

"బిడ్డ గోర్లేంది, గిట్ల నీలమున్నయ్?"

తెల్లటి బియ్యంలో ఆ గోళ్లు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

మర్నాడు డాక్టరమ్మ స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది. "చప్పుడు ఎప్పటిసంది లేదు?"

"చాన దినాలైంది మేడం. నయమైందనుకున్నం."

"నయం గాదు. లంగ్ ప్రెషర్ పెరిగి గుండె ప్రెషర్ దగ్గరికి వస్తున్నది. గందుకే రంధ్రంలకెల్లి రక్తం పోవుడు తగ్గింది, చప్పుడు తగ్గింది, దగ్గు తగ్గింది. మెట్లెక్కినప్పుడు చెడు రక్తం ఇటు కలిసి గోర్లు నీలమైనయ్. ఇంకింత ముదిరితే ఆపరేషన్ గూడ చెయ్యలేం."

నేను మురిసిన ప్రతి పొద్దునా పిల్ల మా చేతుల్లోంచి జారిపోతూనే ఉంది. ఆ తప్పు నాదే.

క్యాథ్ చేశారు, రక్తనాళంలోంచి గుండెలోకి సన్నటి గొట్టం పంపి ప్రెషర్ కొలిచారు. ఆక్సిజన్ ఇస్తే ప్రెషర్ దిగింది. "ఇంక మోక ఉన్నది, ఆపరేషన్ చెయ్యొచ్చు" అన్నారు. ఆపరేషన్‌లో రంధ్రానికి ప్యాచ్ వేశారు. రెండో రోజు ప్రెషర్ మళ్లీ లేచింది. నాలుగు రోజులు వెంటిలేటర్. ఛాతీ లేస్తోందా లేదా అని గాజు తలుపు అవతల నుంచి చూస్తూ నిలబడ్డాను. ఇంటికొచ్చాక కూడా ప్రెషర్ మామూలుకు రావడానికి ఏడాది పైనే పట్టింది.

ఇప్పుడు లావణ్య ఐదో తరగతి. బడికి ఉరుకుతుంది, మా మీద అరుస్తుంది. ఆ అరుపు వింటే నాకు ప్రాణం లేచి వస్తుంది. పొద్దున చేయి పెడితే కింద గరగర లేదు. అప్పుడూ ఇలాగే లేదు. ఆ నిశ్శబ్దానికీ ఈ నిశ్శబ్దానికీ తేడా నా అరచేతికి తెలియదు, ఎకోకే తెలుస్తుంది. మీ పిల్లలు ఎంత బాగా కనబడినా సరే, డాక్టర్ రమ్మన్న రోజు తప్పించకండి.